అధికమాసంలో పదోవాడు

ఎల్స్‌బాక్‌లోని మా యూదు ప్రార్థనాలయంలో, గ్రంథం చదివే బల్ల పక్కన, మగవాళ్ల మధ్య కెమెరా పెట్టుకుని నిలబడిన మొదటి ఆడమనిషి నా మేనకోడలు లిలియాన్ బొల్లాక్. అక్కడ నిలబడటానికి ఆమెకు ఒక చలికాలం పట్టింది. బహుమతి తరువాత వచ్చింది. ముందు సాధించింది ఆ చోటు.

మా ఊళ్లో సినిమా తీసినవాళ్లు అంతకుముందు లేరు. మా ఇంట్లో అందరమూ పశువుల వ్యాపారంలో ఉన్నవాళ్లమే. పక్క పట్టణం సావెర్న్ సంతలో ఆవు పళ్లు చూసి వయసు చెప్పడంలో మా నాన్నకు సాటి లేరనేవారు, ఆయన తరువాత నాకు. లిలియాన్ తీరు వేరు. పద్నాలుగో ఏట బడిలో మూలపడి ఉన్న సినిమా యంత్రాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ ఆడించింది. పందొమ్మిదో ఏట సావెర్న్‌లో ఫొటో దుకాణంలో చేరింది. గుర్తింపు కార్డులకు మొహాలు, చర్చిలో తెల్లగౌన్ల పిల్లలు, ద్రాక్షతోటల వాళ్ల పెళ్లిళ్లు, అన్నీ తీసింది. ఆమె తీసిన పెళ్లికూతుళ్లలో కళ్లు మూసుకున్నది ఒక్కతి కూడా లేదని దుకాణం యజమాని నాతోనే అన్నాడు. ఇరవై ఏడో ఏట పట్టణంలోని ఫిల్మ్ క్లబ్‌లో చేరి, అక్కడున్న ఒకే ఒక మంచి కెమెరాకు తన వంతు వచ్చేదాకా ఎదురుచూసింది.

వంతు ఎనభై నాలుగు ఫిబ్రవరిలో వచ్చింది. ఏం తీస్తావని అడిగితే, తియెరిని తీస్తానంది.

తియెరి మా పెద్దమ్మ మనవడి కొడుకు. తండ్రి మార్సెల్ పశువుల లారీ నడుపుతాడు. తల్లి సావెర్న్‌లో నర్సు. ఇంట్లో వాణ్ణి పెంచింది నాయనమ్మ సెల్మా. వాడికి పదమూడు నిండబోతున్నాయి, మాలో మగపిల్లాడు పెద్దవాడయ్యే ఏడు అది. మా ఊళ్లో ఆ పదమూడుకు ఎక్కడా లేనంత విలువ ఉండేది, ఎందుకంటే పెద్దవాళ్లయిన యూదు మగవాళ్లం అప్పటికి తొమ్మిదిమందిమే మిగిలాం. పదిమంది కూడకపోతే గ్రంథం చుట్టను పెట్టె నుంచి బయటికి తీయం, పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన చెప్పం. పండగలకు పక్క ఊరి నుంచి ఒకాయన్ని కారులో తెచ్చుకునేవాళ్లం. మామూలు వారాల్లో తొమ్మిదిమందీ కూర్చుని, ఎవరికి వాళ్లు చదువుకుని లేచిపోయేవాళ్లం. లిలియాన్ తల్లి, అంటే నా చెల్లెలు, అంతకుముందు ఏడు పోయింది. ఆమె కోసం నేను చెప్పవలసింది అలాగే మిగిలిపోతూ వచ్చింది. తియెరి పెద్దవాడైతే పదిమందిమవుతాం. ఊరంతా వాడి పుట్టినరోజు కోసం కాచుకుని ఉందంటే అతిశయం కాదు.

శనివారం మేం నిప్పు ముట్టం, దీపం వేయం, యంత్రం తాకం. కాబట్టి శనివారం కెమెరా మాటే లేదు. కాని గ్రంథం సోమవారం, గురువారం పొద్దున కూడా చదువుతారు. గురువారం చదివిస్తే కెమెరాకు అడ్డేమీ లేదని లిలియాన్ వాదించింది. ప్రార్థన నడిపే రూస్ గారు ఆ మాటకు ఒప్పుకున్నారు. ఆయనకు అప్పటికి డెబ్భై ఎనిమిది. మా అందరికీ అక్షరాలు దిద్దించినాయన. ఊరి పంచాంగం ఆయన నోటిలోనే ఉండేది. కాని లిలియాన్ కింద మగవాళ్ల మధ్య నిలబడటానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆడవాళ్ల చోటు పైన వసారాలో, అక్కడి నుంచే తీసుకోమన్నారు. లిలియాన్ మూడు కాళ్ల స్టాండు భుజాన వేసుకుని పైకెక్కింది.

ఫిబ్రవరి పదహారు, గురువారం. మా యూదు పంచాంగంలో అదార్ నెల పదకొండు నాటి పుట్టుక వాడిది. ఆ తిథి మంగళవారమే దాటింది. వాడు పుట్టినప్పుడు చుట్టిన గుడ్డను చీల్చి, కుట్టి, పేరూ తిథీ రంగులతో రాసిన పట్టీ ఒకటి ప్రతి మగపిల్లాడికీ ఉంటుంది, దానితోనే ఆ రోజు గ్రంథాన్ని చుడతాం. సెల్మా రాసిన పట్టీని బల్ల మీద విప్పారు. 'అదార్ పదకొండు' అని ఎర్రటి అక్షరాల్లో ఉంది. రూస్ గారు దాని మీద వేలు పెట్టి చూపించారు. అందరం తలలూపాం. వాడు చేతికీ నుదుటికీ తోలు పట్టీలు కట్టుకుని నిలబడి, తడబడకుండా చదివాడు. తరువాత రేగుపండ్ల సారా చిన్న గ్లాసులో పోసి ఇస్తే, దగ్గకుండా తాగాడు. రూస్ గారు తన చేతి గడియారం తీసి వాడికిచ్చారు. శనివారం వాణ్ణి పదోవాడిగా కూర్చోబెట్టుకుని, పూర్తి ప్రార్థన చేశాం. నా చెల్లెలి కోసం చెప్పవలసింది నేను ఆ రోజు చెప్పాను.

కెమెరా శుక్రవారమే క్లబ్‌కు తిరిగి వెళ్లింది. తరువాతి వంతు షాల్ అనే వడ్రంగిది. ఆయన ప్రతి ఏడూ కొంగల మీదే సినిమా తీస్తాడు. కోల్మార్‌లో జరిగే ఫిల్మ్ క్లబ్‌ల పోటీకి సినిమాలు మార్చి ఆఖరులోగా చేరాలి.

సోమవారం నేను విందుకు తెచ్చుకున్న కప్పులు తిరిగివ్వడానికి సెల్మా ఇంటికి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర మూకుడు తోముతోంది. పూరీం పండగ వస్తోంది, వేయించాల్సిన బూరెల కోసం కొవ్వు కొనాలని చెబుతూ, మనవడు పుట్టిన నాటి సంగతి ఎత్తింది. ఆ కథ అందరం వందసార్లు విన్నదే. బూరెలు మూకుట్లో ఉండగా కోడలికి నొప్పులు మొదలయ్యాయి, ఈమె పొయ్యి ఆర్పకుండానే పరుగెత్తింది, కొవ్వు అంటుకుని వంటింటి గోడ నల్లబడింది. గోడ ఇంకా నల్లగానే ఉంది.

అంతవరకూ చెప్పి మూకుడు బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యా, ఈ ఏటి బూరెలు నేనింకా వేయించలేదు కదా."

"లేదు. అయితే ఏమైంది?"

"పండగ ఇంకా రాలేదు. వాడు పుట్టింది పండగకు మూడు రోజుల ముందు. మరి వాడికి పదమూడు ఎలా నిండాయి?"

నేను కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆ ఏడు అధికమాసం వచ్చింది. మా లెక్కలో రెండు మూడేళ్లకోసారి అదార్ రెండు నెలలుగా వస్తుంది. ముందు వచ్చేది అధికం, తరువాత వచ్చేది నిజం. పూరీం నిజమాసంలోనే. మామూలు ఏట అదార్‌లో పుట్టినవాడికి కూడా నిజమాసంలోనే ఏడు నిండుతుంది. మేం అధికమాసంలో పదకొండు రాగానే వాణ్ణి పెద్దవాణ్ణి చేసేశాం. కొత్త సంవత్సరం నాడు 'ఈ ఏడు రెండు అదార్లు' అని అందరికీ వినిపించింది రూస్ గారే. పదో మనిషి దొరుకుతున్నాడన్న తొందరలో ఆయనకూ గుర్తు రాలేదు, మాకూ గుర్తు రాలేదు.

నేనూ సెల్మా వెళ్లి చెబితే రూస్ గారు కుర్చీలోంచి లేచారు. కిటికీ వైపు తిరిగి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, ఆపేశారు. తరువాత ఆ రోజుకు తనకు భోజనం వద్దని కూతురితో చెప్పి పంపారు. గురువారం గ్రంథం ముందు చెప్పిన ఆశీర్వచనాలు తొమ్మిదిమందితో చెప్పినవి, అంటే దేవుడి పేరు ఊరికే పలికినట్టు. శనివారం నేను చెప్పిన ప్రార్థన కూడా ఆ లెక్కలోదే.

సాయంత్రానికి ఊరంతటికీ తెలిసింది. మార్సెల్ లారీ తలుపు వేస్తూ, దీన్నింత పెద్దది చేయనక్కర్లేదన్నాడు. నెల తిరిగాక వాణ్ణి మామూలుగా పిలిచి చదివిస్తే సరిపోతుంది, తీసిన సినిమా తీసినట్టే ఉంటుంది, తెర మీద చూసేవాడికి అధికమాసం కనబడుతుందా అన్నాడు.

"వాళ్లకి కనబడదు అన్నయ్యా. నాకు కనబడుతుంది" అంది లిలియాన్.

ఆమెకు కావలసింది ఒకటే. పదోవాడు రావడం నిజంగా జరగాలి, జరుగుతున్నప్పుడు కెమెరా అక్కడ ఉండాలి. వాడికి నిజంగా పదమూడు నిండేది మార్చి పదిహేను. ఆ రోజు కూడా గురువారమే అయింది. పోటీకి అప్పటికి రెండు వారాలు మిగులుతాయి. రెండు రీళ్లు ఆమె దగ్గర మిగిలి ఉన్నాయి. కెమెరా లేదు. పిల్లాడూ లేడు. ఎందుకంటే తియెరి ఆ సాయంత్రమే రూస్ గారింటికి వెళ్లి గడియారం బల్ల మీద పెట్టి, "ఇది నాది కాదంట కదా" అని వచ్చేశాడు. మళ్లీ చదవమంటే చదవనని తండ్రికి చెప్పాడు. పైగా మార్చి పదిహేను ఎస్తేరు ఉపవాసం రోజు. ఆ రోజు చదివే భాగం వేరు. కొత్తగా నేర్చుకోవాలి.

లిలియాన్ ముందు కెమెరా కోసం వెళ్లింది. షాల్ వారం రోజులుగా ఖాళీ గూడును తీస్తున్నాడు. ఆ ఏడు చలి ఎక్కువ, కొంగలు రాలేదు. ఆమె చెప్పిందంతా విని, గూడు వైపు చూస్తూ అన్నాడట:

"నా పక్షులు రాలేదు. నీ పదోవాడైనా ఈసారి ఖాయంగా వస్తాడా అమ్మాయ్?"

రావచ్చనే అంది. ఆయన కెమెరా ఇస్తానన్నాడు గాని, చేతిలోంచి మాత్రం వదలనన్నాడు. తనూ వచ్చి పక్కన కూర్చుంటాడు. ప్రొటెస్టెంటు మనిషిని లోపలికి రానిస్తారా అని అడిగితే, టోపీ పెట్టుకుంటే చాలని లిలియాన్ చెప్పింది.

తియెరి దగ్గరకు ఆమె వెళ్లిన రోజు నేను మార్సెల్ లారీలోకి దూడల్ని ఎక్కిస్తున్నాను. వాడు కొట్టం అరుగు మీద కూర్చుని ఆపిల్ కొరుకుతున్నాడు.

"కెమెరా తెచ్చావా అత్తా?"

"లేదు. కొంగలాయన దగ్గరుంది."

"మరెందుకొచ్చావు?"

"అడగడానికి. మళ్లీ చదువుతావా?"

వాడు ఆపిల్ నమిలి మింగి, మిగిలిన ముక్క దూడకు పెట్టాడు. "గురువారం నన్ను పెద్దవాణ్ణి చేశారు. సోమవారం పిల్లాణ్ణి చేశారు. మళ్లీ చదివితే ఏం చేస్తారు, దూడని చేస్తారా?"

లిలియాన్ నవ్వలేదు. రెండుసార్లు చదివిందీ సినిమాలో పెడతానని చెప్పింది. మొదటిదీ ఉంటుంది, రెండోదీ ఉంటుంది, మధ్యలో సెల్మా మూకుడూ నల్లగోడా ఉంటాయి.

"తప్పెవరిదో కూడా చెప్తావా?"

"చెప్తాను."

"నాది కాదని?"

"నీది కాదని."

వాడు దూడలకేసి తిరిగాడు. తరువాత చెప్పింది నాకు స్పష్టంగా వినబడింది. మొన్న చదువుతున్నప్పుడు మధ్యలో ఒక అక్షరం దగ్గర ఆగాల్సి వచ్చిందట. చుట్టూ తొమ్మిదిమందీ వాడి నోటికేసే చూస్తున్నారట, ఒక్కడు కూడా మొహానికేసి చూడలేదట.

"నువ్వు పైన ఉన్నావు. కింద ఉంటే చదువుతా. లేకపోతే మీ పదోవాణ్ణి పక్కూరి నుంచి తెచ్చుకోండి."

కాబట్టి రూస్ గారి దగ్గరకు లిలియాన్ రెండు కోరికలతో వెళ్లింది. నన్నూ వెంట రమ్మంది. ఆయన ఎదుట మా ఇంటివాళ్లెవరూ అంతకుముందు కోరిక పెట్టుకుని వెళ్లలేదు. వెళ్లినప్పుడల్లా తిట్లు తినడానికే.

మొదటి కోరిక మీద ఆయన అనుకున్నంత పట్టు పట్టలేదు. మామూలు రోజున యంత్రం పట్టుకుని ఆడది కింద నిలబడితే శాస్త్రం అడ్డుపడదు, అడ్డుపడేది అలవాటే అన్నారు. అలవాటు కూడా చిన్నదేం కాదని, తన తాతల నాడు వసారా మెట్ల దగ్గర తలుపు కూడా ఉండేదని గుర్తు చేశారు. లిలియాన్ వింటూ నిలబడింది. చివరికి ఆయనే, ఒక్క రోజుకు, బల్ల పక్కన గోడ వైపు నిలబడితే సరే అన్నారు.

రెండో కోరిక దగ్గర ఆగిపోయారు.

"నా తప్పు తెర మీద ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను గురువుగారూ. అది లేకపోతే వాడు రెండోసారి ఎందుకు చదివాడో చూసేవాళ్లకి తెలీదు."

"కోల్మార్‌లో వేస్తారు. నలుగురూ చూస్తారు. మనవాళ్లు కానివాళ్లూ చూస్తారు. పండగల తేదీలు కూడా లెక్క కట్టుకోలేని ముసలాడు ప్రార్థన నడుపుతున్నాడంటారు."

"అనొచ్చు" అంది లిలియాన్.

ఆయన రేపు రమ్మన్నారు. తలుపు దాకా వచ్చి సాగనంపకపోవడం నేను గమనించాను. బయట లిలియాన్‌ను, ఒప్పుకోకపోతే ఏం చేస్తావని అడిగాను. "అప్పుడు సినిమా లేదు మామయ్యా" అంది. మొదటిసారి తీసింది అలాగే పంపిస్తే ఎవరికీ తెలియదు కదా అన్నాను. మార్సెల్ మాటే నేనూ అన్నానని తరువాత గాని గుర్తు రాలేదు. ఆమె సైకిల్ ఎక్కింది.

మర్నాడు రూస్ గారు మమ్మల్ని కూర్చోమని, కాఫీ పోయించి, చెప్పారు:

"తెర మీదికెక్కేది నా తప్పయితే నేనే చెప్తాను. ఇంకొకడు చెబితే దాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేస్తాడు."

మార్చి పదిహేను పొద్దున చలిగా ఉంది. ఉపవాసం కాబట్టి ఎవరి కడుపులోనూ కాఫీ పడలేదు. ఆ రోజే పెద్దవాడయ్యాడు కాబట్టి తియెరి కూడా ఉపవాసం ఉన్నాడు. సెల్మా రొట్టె ముక్క జేబులో పెట్టబోతే ఇకమీదట ఆ పని చేయొద్దని చెప్పాడట. షాల్ తన ఆదివారం టోపీ పెట్టుకుని మూడో బెంచీ మీద కూర్చున్నాడు. కెమెరా పట్టీ ఒక కొస ఆయన చేతికి చుట్టుకుని ఉంది. లిలియాన్ ఎటు జరిగితే ఆయన అటు జరగవలసి వచ్చింది.

లెక్కపెట్టేటప్పుడు మేం మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టం. పది మాటలున్న ఒక వాక్యం ఉంది, తలకొక మాట చొప్పున చెప్పుకుంటూ పోతాం. వాక్యం పూర్తయితే పదిమంది ఉన్నట్టు. రూస్ గారు వేలు చూపకుండా, మొహాలు చూస్తూ మొదలుపెట్టారు. ఆఖరి మాట తియెరి దగ్గర పడింది. ఆయన దాన్ని రెండుసార్లు అన్నారు. లిలియాన్ దాన్ని తీసింది.

ఉపవాసం రోజున చదివే భాగంలో, పగిలిపోయిన మొదటి రాతి పలకల లాంటివే ఇంకో రెండు చెక్కుకుని రమ్మని దేవుడు మోషేకు చెబుతాడు. దాన్ని మేం ఏరి పెట్టుకోలేదు, ఎప్పుడూ ఆ రోజు చదివేదే. తియెరి దాన్ని మొదటిసారి చదివినదానికన్నా నెమ్మదిగా చదివాడు. రెండు చోట్ల తప్పు చదివితే రూస్ గారు సరిచేశారు. రెండోసారి తప్పినప్పుడు వాడు తలెత్తి గోడ వైపు చూశాడు. కెమెరా వెనక నుంచి లిలియాన్ ఏమీ సైగ చేయలేదు. మళ్లీ కిందికి చూసి, వాక్యం మొదటి నుంచి చదివాడు. చదువు ముగిశాక రూస్ గారు గడియారం తీసి ఇవ్వబోతే, సాయంత్రం ఉపవాసం విడిచాక తీసుకుంటానన్నాడు. నేను నా చెల్లెలి కోసం చెప్పవలసింది మళ్లీ చెప్పాను. ఈసారి పైన వసారాలోంచి ఆడవాళ్లు, కింద తొమ్మిదిమంది, కెమెరా పక్క నుంచి లిలియాన్, అందరూ 'ఆమెన్' అన్నారు. షాల్ కూడా అన్నాడు.

తరువాత రూస్ గారు కెమెరా ఎదుట కూర్చున్నారు. అధికమాసం అంటే ఏమిటో, దాన్ని తాను ఎలా మరిచిపోయారో పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు. మధ్యలో ఒకసారి లిలియాన్‌ను, 'అర్థమైందా' అని అడిగారు. అయిందని ఆమె అన్న మాట కూడా సినిమాలో ఉంది. షాల్ ఇంటికి వెళ్లేసరికి మొదటి కొంగ గూట్లో దిగి ఉంది. దాన్ని ఆయన తీయలేకపోయాడు. ఇప్పటికీ ఎక్కడ కనబడినా ఆ సంగతి ఎత్తుతాడు.

ఇరవై రెండు నిమిషాల ఆ సినిమాకు జూన్‌లో కోల్మార్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటిది రైన్ నది పడవల మీద తీసినదానికిచ్చారు. పడవలు బాగానే ఉన్నాయి. తరువాత మెట్జ్‌లో, బేసెల్‌లో, బ్రస్సెల్స్‌లో ఒక యూదు యువజన సంఘంలో వేశారు. మా ఊరి బడి హాలులో వేసినప్పుడు రూస్ గారు ముందు వరుసలో కూర్చుని, తన మొహం తెర మీదికి రాగానే పక్కవాళ్లను నిశ్శబ్దంగా ఉండమన్నారు. మా ఊళ్లో తెర మీదికెక్కిన మొదటి మనిషి ఆయనే, మొదటి పదోవాడు తియెరి, కింద నిలబడి తీసిన మొదటి ఆడమనిషి మా లిలియాన్.

బ్రస్సెల్స్‌లో సినిమా చూసినవాళ్లలో కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. ఆమె కూతురికి పన్నెండు నిండబోతున్నాయి. ఆడపిల్లకు పన్నెండుకే పెద్దరికం. అది తీస్తావా అని అడిగింది. లిలియాన్ దుకాణంలో సెలవు పెట్టి జనవరిలో వెళ్లింది. ఈసారి కెమెరా అద్దెకు తీసుకుంది. క్లబ్ కెమెరాను షాల్ ఇవ్వలేదు.

ఆమె వెళ్లిన దగ్గర నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం రూస్ గారు నన్ను ఆపి, ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. మా ఊరి ప్రార్థనల వరసలు పక్క ఊళ్లో కూడా ఎవరూ పాడరు. ఆయనకు తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు. తియెరికి కొన్ని వచ్చాయి. ఈమధ్య ఆయన గొంతు సన్నబడింది. మిగిలినవి తాను పాడుతూ, తియెరి వింటూ నేర్చుకుంటుంటే తీసిపెట్టాలని ఆయన కోరిక. పైన వసారాలోంచి తీస్తే కుదరదని, కింద బల్ల దగ్గర నిలబడి తీయాలని ఆయనే అన్నారు. ఆ మాట నేను ఫోనులో లిలియాన్‌కు చెప్పాను. ఆయనే అన్నారా అని రెండుసార్లు అడిగింది. తరువాత, గురువుగారిని గొంతు జాగ్రత్తగా చూసుకోమని చెప్పమంది.

పాస్కా పండగకు ముందే వస్తానంది. ఏప్రిల్ రెండో తేదీ, మంగళవారం, సాయంత్రం రైలుకు.